బరువు తీసేసిన ఆట

అన్నా,

నువ్వు పోయి రేపటికి మూడేళ్లు. నలుగురు నడుచుకుంటూ మాంత్రికుడి కోటకు వెళ్లే నీ పాత కంప్యూటర్ ఆట ఉంది కదా, దాన్ని కొత్తగా చేసి మళ్లీ వదిలారు. రివ్యూల నిండా పొగడ్తలే. జట్టులో ఎవరైనా చనిపోతే గుడి దాకా భుజాన మోసుకెళ్లి బతికించుకోవాల్సిన విసుగు తప్పిందట. ఇప్పుడు చచ్చినవాడు అక్కడే మాయమైపోతాడు, మిగతావాళ్లు ముందుకు పరుగెత్తుతారు.

నాకు ఒళ్లు మండి, అల్లూరు ఇంట్లో ఉన్న నీ పాత కంప్యూటరే ఆన్ చేశాను. ఆ నలుగురికీ నువ్వు అమ్మ, నాన్న, నీ పేరు, నా పేరు పెట్టావు. నా తొందరపాటు వల్ల బురద నేలలో నీ పేరున్న యోధుడు పడిపోయాడు. నా పేరున్న అమ్మాయి అతన్ని భుజానికెత్తుకుంది. ఇక నడక నత్త నడకే.

రొయ్యల గుంటల నుంచి వస్తూ బాబాయి కొడుకు రవి తొంగి చూసి నవ్వాడు.

"చచ్చినోణ్ణి ఎందుకక్కా మోస్తా ఉండావు? ఆడ పడేసి పో."

"అది మన అన్నరా," అన్నాను. తెర మీద నీ పేరు చదివి, వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

ఒకప్పుడు నేనూ అదే మాటంటే నువ్వు కసిరావు. "మనిషిని ఆడ వదిలేసొచ్చి గెలిస్తే అదేం గెలుపే?"

సాయంత్రానికి గుడి చేరాను. నువ్వు లేచి, బురద దులుపుకుని, ఎప్పటిలాగే నాకంటే ముందు నడిచావు.

కొత్త ఆటలో ఆ గుడే లేదట అన్నా. వాళ్ల ఆట వాళ్లనే ఉంచుకోమను.