గుట్ట ఎక్కని జ్యోతి

మంగళవారం

కోపం ఇంకా చల్లారలేదు, అందుకే రాస్తున్నాను. సునామీ వచ్చి మూడేళ్లు దాటాక ఇవాళ సముద్రం ఒడ్డునున్న మా మిన్నీ బే అంగన్‌వాడీలో డ్రిల్లు పెట్టారు. ఈల వినగానే పిల్లలంతా గది వదిలి వెనకున్న గుట్ట ఎక్కాలి. జ్యోతికి నాలుగేళ్లు, కాళ్లు నిలవవు. దాన్ని ఏదో ఒక బడిలో వెయ్యడానికి వాళ్లమ్మ ఎన్ని గుమ్మాలు ఎక్కి దిగిందో నాకు తెలుసు. ఈల ఊదగానే దాన్ని చంకనేసుకోబోయాను. సూపర్‌వైజర్ మేడమ్ అడ్డం వచ్చింది.

"ఛోడో దీదీ, వదిలెయ్యండి! దాన్ని ఎత్తుకుంటే మీరు వెనకబడిపోతారు, టైమంతా పాడైపోద్ది. ఇక్కడే కూర్చోబెట్టేయండి. డ్రిల్లే కదా!"

డ్రిల్లే కదా అట! ఎవర్ని వదిలెయ్యాలో నేర్పడానికా డ్రిల్లు? ఆ రోజు నిజంగా నీళ్లొచ్చినప్పుడు మా ఆయన మా అత్తని వీపున మోసుకుంటూ గుట్టెక్కాడు. టైము ఎవరు చూశారు?

ఇదంతా ఇప్పుడు అంటున్నాను. అప్పుడు మాత్రం జ్యోతి చేతిలో బొమ్మ పెట్టి, మిగతావాళ్లతో పరిగెత్తాను. మేడమ్ గుమ్మంలోనే గడియారం పట్టుకుని నిలబడింది. మేం దిగొచ్చేసరికి రిజిస్టర్లో "పిల్లలందరూ క్షేమం" అని రాసేసింది. కింద నేను సంతకం పెట్టాను.

"నీళ్లొచ్చేశాయి, మేం తప్పించుకున్నాం!" అని పిల్లలు గెంతుతున్నారు. జ్యోతి కూర్చున్నచోటి నుంచే నా కొంగు పట్టుకుని లాగింది.

"టీచర్, మరి నేను మునిగిపోయానా?"