ఎర్ర రంగు కలిపిన డీజిల్

ప్రియమైన ఏసోబన్నకు నీ తమ్ముడు రత్నం ఇంగ్లండు నుంచి చేతులు జోడించి రాసేది.

నిన్నూ వదిననూ పిల్లలనూ, అందరికంటే ముందు అమ్మనూ, మనలను ఇంతదాకా నడిపించిన దేవుని రెక్కల నీడలో ఉంచి ఈ ఉత్తరం మొదలుపెడుతున్నాను. నేనూ సుగుణా క్షేమమే. అమ్మ కంటి ఆపరేషన్ అయిందని రాశావు గాని, కట్టు విప్పాక చూపు ఎట్లా ఉందో రాయలేదు. గోడ గడియారం చూసి టైము చెప్పగలుగుతోందా? మోకాళ్ళ సంగతి కూడా రాయి. మా గురించి ఫికరు పెట్టుకోవద్దని చెప్పు. కడుపునిండా తింటున్నాము, వెచ్చగా పడుకుంటున్నాము.

సుగుణకు ఆసుపత్రిలో నర్సు పని ఎప్పటిలాగే ఉంది. నాకు రొట్టెల ఫ్యాక్టరీలోనే. లోపల పొయ్యిల ముందు మన మే నెల ఎండ, తలుపు తీసి బయట అడుగుపెడితే మంచు. బియ్యం దొరుకుతుంది, చింతపండు దొరకదు. నిమ్మకాయ పిండి దాన్నే చారు అనుకుంటున్నాము. హనుమకొండ చౌరస్తాలో స్టూలెక్కి వాక్యం చెబుతూ గొంతు చించుకున్న నేను ఇక్కడ గుడ్ మార్నింగ్, థాంక్యూ అనే రెండు మాటలతో వారమంతా గడుపుతున్నాను. వాక్యం మాత్రం కోటు జేబులోనే ఉంటుంది. టీ తాగే వేళ ఒక పుట చదువుకుంటాను.

ఇక నువ్వు అడిగిన మాట. నీ ఉత్తరం చివర ఇట్లా రాశావు: "టాక్సీ ఇంజన్ తీసేసి డీజిల్ ఇంజన్ పెట్టిస్తనని మెకానిక్ అంటాండు. స్టేషన్ కాడ అందరు మార్పిస్తాండ్రు. పెట్రోలు పోసి నేనిగ నడుపలేను. మొన్న నెక్కొండ దిక్కు ఒక ఆడమనిషికి నొప్పులస్తె దవాఖానకు తీస్కపొమ్మన్నరు. నేను చెప్పిన కిరాయికి వాళ్ళు భయపడి ఎడ్లబండి కట్టుకున్నరు. దారిలనే బిడ్డ పోయింది. కని, రైతు మోటరుకు పోసే నూనెను కార్లల్ల పోసుకునేటోళ్ళు దొంగలని చౌరస్తాల నిలబడి అన్నది నువ్వే గద. అందుకే అడుగుతాన. వాక్యం చూసి చెప్పు. నువ్వు వద్దంటె పెట్టియ్య."

ఆ మాట నేను అన్నాను, నిజమే. పొలం మోటరు ఆడాలని, లారీ తిరగాలని, పేదవాడు ఎక్కే బస్సు నడవాలని మన సర్కారు డీజిల్ మీద పన్ను తక్కువ వేసింది. కార్లవాళ్ళు పోసుకునే పెట్రోలు మీద ఎక్కువ వేసింది. అది చూసి షావుకార్లు పాత కార్లకు డీజిల్ ఇంజన్లు బిగించుకుంటుంటే నాకు మండింది. చేను అంచులు కోయవద్దు, రాలిన పరిగె ఏరవద్దు, అది పేదకూ పరదేశికీ వదిలిపెట్టు అని దేవుడు చెప్పలేదా? ఉన్నవాడు వచ్చి పరిగె కూడా ఏరుకొనిపోతే లేనివాడు ఏమి తింటాడని అరిచాను. ఇప్పుడు నా అన్నే అడుగుతున్నాడు. జవాబు రాయడానికి ఇంత ఆలస్యం ఎందుకైందో చెబుతాను. ఇదే డీజిల్ విషయంలో నాకు ఇక్కడ పరీక్ష వచ్చింది.

మేముండే చోటికి చుట్టుపక్కల మూడు ఊళ్ళలో ఆసుపత్రులున్నాయి. ఆ మూడింటిలో మన తెలుగు నర్సులు కొందరున్నారు. ఆదివారం ఇక్కడ బస్సులు తిరగవు. వాళ్ళందరినీ తీసుకొచ్చి మా ముందుగదిలో ప్రార్థన పెట్టాలని ఎండాకాలంలో ఒక పాత వ్యాను కొన్నాను. అమ్మేవాడి దగ్గర రెండు బండ్లున్నాయి. ఒకటి పెట్రోలుది, బాగుంది. రెండోది డీజిల్‌ది, పొగలు కక్కుతోంది. "పెట్రోల్‌ది తీస్కోరాదు, చూడ ముచ్చటగుంది" అని సుగుణ అన్నది. నేను నవ్వాను. "నీకేమెరుక? వరంగల్ టాక్సోని తమ్మున్ని నేను. డీజిల్ అంటె చవక" అన్నాను. ఇక్కడ డీజిల్ ధర ఎంతో అడగకుండానే పొగబండి కొని ఎక్కాను.

తర్వాత పంపు వెతుక్కుంటూ పోతే చాలాచోట్ల డీజిల్ లేనే లేదు. లారీలు ఆగే పెద్దరోడ్డు దాకా పోవలసి వచ్చింది. అక్కడ పలక మీద ధర చూసి తారుమారుగా రాశారేమో అనుకున్నాను. తారుమారు కాదన్నా. ఈ దేశంలో డీజిల్‌కే ధర ఎక్కువ. సుగుణ పలక వైపు చూసి, నా వైపు చూసి, "టాక్సోని తమ్ముడా, దిగు" అన్నది.

అయినా బండి నడిపించాను. వారం వారం ఆ నర్సు పిల్లలు వచ్చారు. మన పాటలు పాడుకున్నారు, అన్నం తిన్నారు. తొర్రూరు పిల్ల మేరీ అని ఒకతె ఉంది. మొన్న వానాకాలంలో ఆమె తండ్రి చనిపోయాడు. సెలవు దొరకక పోలేకపోయింది. వారమంతా ఇంగ్లీషులో నవ్వి, ఆదివారం మా గదిలో ఓ మూలన కూర్చొని తెలుగులో ఏడ్చేది. ఏడ్చి లేచి అంట్లు కడిగేది. ఆ బండి ఆగితే ఆ పిల్లకు ఆ మూల ఉండదు.

చలి ముదిరాక ఒక ఆదివారం పొద్దున బండి కదలలేదు. పుష్యమాసంలో అమ్మ కొబ్బరినూనె సీసా ఎట్లా గడ్డకడుతుందో, ట్యాంకులో డీజిల్ అట్లా మైనంలా పేరుకుంది. మన నర్సంపేట రోడ్డు మీద చలిరోజుల్లో లారీ డ్రైవర్లు ఏం చేస్తారు? గుడ్డపేలిక ముట్టించి ట్యాంకు కింద పెడతారు. నేనూ అదే చేశాను. ఎదురింటి ఆమె చూసి కేక వేసి ఫైరింజన్‌కు ఫోన్ చేయబోయింది. అంతలో అటుగా ట్రాక్టరు మీద పోతున్న జార్జి అనే ముసలి రైతు దిగి పేలికను బూటుతో తొక్కి ఆర్పాడు. ఈయన మా వీధి చివర చర్చి గుడికి పోయే మనిషి, మంచివాడు. తిట్టలేదు. వ్యానును ట్రాక్టరుకు తాడుతో కట్టుకొని తన కొట్టంలోకి లాక్కుపోయాడు. అది వెచ్చబడేదాకా నాకు టీ ఇచ్చి కూర్చోబెట్టాడు.

మన దగ్గర పన్ను తక్కువై డీజిల్ చవక అని చెప్పి, ఇక్కడ ధర ఎందుకు ఎక్కువని అడిగితే ఆయనే విప్పి చెప్పాడు. ఆయన ఇంగ్లీషును మన మాటలో రాస్తున్నాను.

"మీ దేశంలో మీ సర్కారు డీజిల్ మీద పన్ను తగ్గించింది. ఇక్కడ రోడ్డెక్కే బండికి ఏది పోసినా పన్ను ఇంచుమించు ఒకటే. పన్ను ఊతకర్ర తీసేస్తే నూనె తన అసలు ధర చెబుతుంది. ముడినూనె కాచినప్పుడు కొంత పెట్రోలు వస్తుంది, కొంత డీజిల్ వస్తుంది. ఏది ఎక్కువ కావాలంటే అది రాదు. లారీకి డీజిలే, రైలుకు డీజిలే, నా ట్రాక్టరుకు డీజిలే. చలికాలం ఇళ్ళు వెచ్చబెట్టుకునే నూనె కూడా దాని తోబుట్టువే. అందరూ ఒకదాని మీదే పడితే ధర పెరగదా? పైగా అది చిక్కటి నూనె. మంచి ఇంజనైతే అదే డబ్బా నూనెతో పెట్రోలు కంటే ఎక్కువ దూరం పోతుంది. నీ బండి మాత్రం సగం పొగకే ఇస్తోంది."

అని నవ్వి, కొట్టం మూలనున్న పీపా చూపించాడు. అందులో డీజిల్ మందారపువ్వు నానబెట్టిన నీళ్ళలా ఎర్రగా ఉంది. అది పొలానికి ఇచ్చేది. పన్ను దాదాపు లేదు. రోడ్డు బండ్లలో పోసుకోకుండా గుర్తుకోసం సర్కారే ఎర్ర రంగు కలుపుతుంది.

"నువ్వు దేవుని పని చేస్తున్నావు. చలికాలం అయ్యేదాకా ఇందులోంచి పట్టుకపో. నాకు కొన్న ధర ఇవ్వు చాలు" అన్నాడు.

మా చేతిలో ఉన్న డబ్బుకు పంపు డీజిల్ ఇక అందదు. ఆ పీపా కాదంటే ఆదివారం కూడిక ఆగిపోయినట్లే. ఆలోచించి చెబుతానని ఇంటికి వచ్చాను. సుగుణతో అన్నాను, అది పొలానికి వదిలిన పరిగె, మనం ముట్టకూడదని. ఆమె కూరగాయలు తరుగుతున్న కత్తి పక్కన పెట్టింది.

"ఏమయ్యా, పరిగె ఎవరికని చెప్పినవు చౌరస్తాల? పేదకు, పరదేశికి అంటివి. ఈడ మనకంటె పరదేశి ఎవడు? పొలం గలాయిన పిలిచి ఏరుకొమ్మంటాండు. బైబిల్ల అత్తనిడవని ఆ మోయాబు కోడలు పరాయి దేశంల, పరాయి చేన్ల గిట్లనే ఏరుకున్నది గద. ఆమెది తప్పా?"

నోట వాక్యం ఉన్నవాడిని, నా వాక్యంతోనే నా నోరు మూసింది. కొన్నాళ్ళు పొయ్యిల ముందు నిలబడి అదే తిప్పి తిప్పి చూసుకున్నాను. చివరికి జార్జి దగ్గరికే పోయి అడిగాను: "ఇది నాకు ఇవ్వడం మీకు చెల్లుతుందా?"

ఆయన ముఖం కొంచెం ఎర్రబడింది. "చెల్లదు. రోడ్డు మీద ఆపి ట్యాంకులోంచి నూనె తీసి చూస్తారు. ఎర్రగా ఉంటే బండి పట్టుకుపోతారు, నాకూ చిక్కే. కాని ఆదివారం ఎవరు చూస్తారు? ప్రార్థనకు పోయే నర్సులున్న బండిని ఎవరు ఆపుతారు?"

అన్నా, ఆ మాటతో నాకు తేటతెల్లమైంది. ఆ మోయాబు కోడలు ఏరుకున్నది పట్టపగలు, కోతవాళ్ళందరి కళ్ళముందు. దాచుకొని ఏరుకోలేదు. నేనైతే ఆ పిల్లల తెల్లబట్టల చాటున, ప్రార్థన చాటున ఎర్రనూనె దాచాలి. దేవుని పేరు నా ట్యాంకుకు మూత కావాలి. అట్లాంటి బండి దిగి ఏ నోటితో వాక్యం చెప్పను? ఆయన చేయి పట్టుకొని, పరిగె మాట అంతా విప్పి, వద్దని చెప్పి వచ్చాను. ఆయన బాధపడలేదు. "నీ పరిగె సంగతి మా గుడిలో చెప్పాలి" అన్నాడు.

వ్యాను అమ్మేశాను. మేరీ ఫోన్ చేసి "ఈ వారం బండి రాదా అన్నా?" అని అడిగితే రాదని చెప్పాను. ఫోన్ పెట్టగానే సుగుణ అందుకుంది.

"మస్తు నీతిమంతునివి. నీ నీతికి ఆ పిల్ల మూల్యం కట్టాలె గదా. వాళ్ళు రాకపోతె నీకు కాళ్ళు లెవ్వా? నీ దగ్గరికే అందరు రావాల్నా, నువ్వు ఎవ్వల దగ్గరికి పోవా?"

నా గుండెలో గుచ్చుకుంది. నిజంగానే, నిండిన గది ముందు నిలబడి గొంతెత్తడం నాకు ఇష్టం. మర్నాడు పాత సైకిల్ కొన్నాను. ఇప్పుడు ఒక్కో ఆదివారం ఒక్కో ఊరికి తొక్కుకుంటూ పోతున్నాను. సుగుణకు డ్యూటీ లేనినాడు వెనక కూర్చుంటుంది. ఎత్తు వచ్చినప్పుడు దిగి నడుస్తుంది, నడుస్తూ ఎగతాళి చేస్తుంది. మూడు ఆసుపత్రుల వాళ్ళు ఒకచోట కూడటం లేదు. అది లోటే, పూడలేదు.

మొదటి ఆదివారం మేరీ ఉన్న ఆసుపత్రికి పోయాను. రోగుల చుట్టాలు కూర్చునే గది ఇచ్చారు. గోడకు అవతల రోగులు నిద్రపోతున్నారు. గొంతెత్తితే నర్సమ్మ వేలు పెదవి మీద పెడుతుంది. వింటున్నది మేరీ ఒక్కతే. ఎన్నడూ లేనిది, పక్కన కూర్చొని తండ్రి చనిపోయిన పిల్లకు చెప్పినట్లే చెప్పాను. చాలాసేపు విని ఆ పిల్ల అన్నది: "అన్నా, ఏమనుకోకు. మీ ఇంట్ల నువ్వు మస్తు గట్టిగ చెప్తుంటివి, నాకు భయమే అయ్యేది. గిట్ల మెల్లగ చెప్తె అర్థమైతాంది." ఆ రోజు ఆమె ఏడవలేదు. వాళ్ళ నాన్న వడ్లు తూర్పారబట్టేటప్పుడు ఎట్లా ఈల వేసేవాడో చెప్పింది.

ఇప్పుడు నీకు జవాబు. చౌరస్తాలో గట్టిగా చెప్పినదాన్నే మెల్లగా చెబుతున్నాను. మన దగ్గర డీజిల్‌కు రంగు లేదు. కారులో పోయవద్దని ఎవరూ ఆపలేదు. నువ్వు దాచుకొని పోయనక్కర లేదు. కనుక అది దొంగతనం కాదు, నువ్వు దొంగవు కావు. కాని అది చవక అయింది నీకోసమూ కాదు, షావుకారు కోసమూ కాదు. ఎడ్లబండి కట్టుకున్న ఆ నెక్కొండ ఇంటివాళ్ళ కోసం. ఆ చవక నీ గల్లాపెట్టెలో ఆగిపోతే వాళ్ళ పరిగె నువ్వు ఏరుకున్నట్లు. వాళ్ళ గడప దాకా పోతే చేను అంచు వదిలినట్లు. ఇంజన్ పెట్టించు అన్నా. పెట్టించిన రోజే కిరాయి తగ్గించు. స్టేషన్ దగ్గర తోటి టాక్సీవాళ్ళు నిన్ను తిడతారు, వరుస నుంచి బయటికి నెడతారు, నాకు తెలుసు. అది మోయగలననుకుంటేనే మెకానిక్‌కు అవునని చెప్పు. మోయలేనంటే పెట్రోలు మీదే నడుపు. తమ్ముడిగా నిన్ను తక్కువ చూడను.

ఇంటికి కొన్ని మాటలు. ఎవరైనా ఇటు వచ్చేవాళ్ళుంటే చింతపండు, అమ్మ చేతి ఎల్లిపాయ కారం పంపు. మన పాటల పుస్తకం పెద్ద అక్షరాలది దొరికితే అది కూడా, మేరీకి. తొర్రూరు పోయినప్పుడు వాళ్ళ అమ్మను ఒకసారి పలకరించు. నీ బిడ్డ బాగుంది, నవ్వుతోంది అని చెప్పు. వీధిలో పెద్దలందరికీ నా నమస్కారాలు. వదినకు సుగుణ వందనాలు చెప్పమన్నది. పిల్లలకు ముద్దులు. అమ్మ చేయి తీసి ఈ కాగితం మీద పెట్టించు, అక్కడ నా తల ఉందనుకొని దీవించమను.

ఈసారి నీ ఉత్తరంలో ఇంజన్ సంగతి రాయనక్కర లేదు. నెక్కొండ నుంచి దవాఖానకు ఇప్పుడు ఎంత కిరాయి అడుగుతున్నావో అదొక్కటి రాయి. దాన్ని బట్టి నేను తెలుసుకుంటాను.

నీ దీవెన కోరే తమ్ముడు,
రత్నం