దిండులో దూది

భీమునిపట్నం, 12 ఫిబ్రవరి 1956, రాత్రి

ఈ ఊరివాళ్లకి నవ్వడమే గాని మర్యాద తెలియదని నిన్న రాశాను. తప్పు. తెలియనిది నాకే.

మనవరాలు పద్మను వీణ నేర్చుకోవడానికి ఈ పంతులమ్మగారి ఇంట్లో ఉంచాలనే కదా ఆదోని నుంచి ఇంత దూరం వచ్చాను. మధ్యాహ్నం పడుకుంటే దిండు గట్టిగా తగిలింది. పత్తి వ్యాపారం ఇంటి చేయి ఊరుకుంటుందా? కుట్టు సందులోంచి దూది లాగి, బొటనవేళ్ల మధ్య పింజ సాగదీసి చూస్తున్నాను. గుమ్మంలో వీణ పంతులమ్మగారు! పద్మ వీణ ఇంతటితో సరి అనుకున్నాను.

"మా దిండు బాగులేదేటమ్మా?" అన్నారు, ముఖం చిన్నబుచ్చుకుని.

"దిండుకేమమ్మా, బాగానే ఉండాది. పింజ పొట్టిది, అందుకే గట్టిగుండాది, అంతే. మా ఆదోనిలో పెండ్లికొడుకునైనా ఇట్లా పీకి చూసినాకే ఒప్పుకుంటాము."

ఆవిడ పడీపడీ నవ్వి, మమ్మల్ని సముద్రానికి తీసుకెళ్లారు. అలల్లో నా చేయి వదల్లేదు. తిరిగొచ్చేసరికి నా మంచం మీద ఆవిడ సొంత దిండు!

"అమ్మాయిని నాకు వదిలేసి నిశ్చింతగా వెళ్లండి" అన్నారు. ఎంత మంచి మనిషి. అయినా ఈ చప్పిడి కూరలు పిల్లకి సయిస్తాయో లేదో...

ఇల్లు చేరగానే గుమాస్తా రంగప్పతో రెండు దిళ్లకు సరిపడా పొడుగు పింజ దూది రైల్లో పంపించాలి. ఎండుమిరపకాయలు కూడా. వేరే మూటలో.