ప్యాకెట్టు మీది ఎనభై

బిడ్డ సౌందర్యకు కల్వకుర్తి నుంచి నీ నాయిన దీవెనలు. అల్లుడు అరవింద్‌కు కూడా చెప్పు. ఇక్కడ అందరం క్షేమమని మొదట రాయడం రివాజు. నేను రాయను. సెల్లులో చెప్పే మాట కాదు గనుక అక్షరాలు కూడబలుక్కొని కూర్చున్నాను.

నువ్వు అడిగిన బర్రె ఈనింది, దుడ్డె పుట్టింది. వెంకట్రాములు దుకాణంలో లొల్లి అయిందంట, నిజమేనా అని అడిగినావు. నిజమే. చేసింది నేనే.

మీ అమ్మలాగ షుగర్ ఉన్నవాళ్లు ప్యాకెట్టు మీద క్యాలరీల అంకె చూసి తినాలని, జొన్నరొట్టెలో నూటయాభై దాకా ఉంటాయని నువ్వే రాసినావు. నాకు ఇంగ్లీషు రాదు, అంకెలు వస్తాయి. వెంకట్రాములు దగ్గర షుగరోళ్ల బిస్కెట్లు అడిగి చూస్తే, నువ్వు గీసి పంపిన క్యాలరీ అక్షరాల పక్కన ఎనభై ఉంది. మార్కెట్ యార్డులో ఏండ్లకేండ్లు హమాలీ చేసినవాణ్ని. బస్తా మీద ఏ అంకె ఉంటే అది బస్తా అంతటికీ. అందులో పావుకెంత అని ఎవడన్నా రాస్తాడా? ప్యాకెట్టు అంతా ఎనభై అనుకున్నాను. మీ అమ్మకు రొట్టె బంద్ చేసి, పొద్దున ఒక ప్యాకెట్టు, మాపు ఒక ప్యాకెట్టు, ఎదురుగా కూర్చొని తినిపించాను.

షుగర్ తగ్గకపోగా పెరిగింది. కాలి పుండు మానక బొటనవేలు నల్లబడింది. నాగర్‌కర్నూల్ దవాఖానలో వేలు తీసేసిన రోజు, ఏం తినిపిస్తున్నావని డాక్టరమ్మ అడిగితే దర్జాగా జేబులోంచి ప్యాకెట్టు తీసి ఇచ్చాను. ఆమె చదివి తల పట్టుకుంది.

"గీ ఎనభై రెండు బిస్కెట్లకే తాతా. ప్యాకెట్ల పది ఉన్నయ్. మొత్తం తింటే నాలుగు వందలు. గీనికన్న ఒక్క రొట్టె నయం గాదా?"

మీ అమ్మను దవాఖానలోనే ఉంచి వచ్చి, కల్వకుర్తిలో బస్సు దిగి ఇంటికి పోలేదు. యార్డుకు పోయి బస్తాలు లాగే ఇనుప కొక్కెం తీసుకొని దుకాణానికి పోయాను.

"రా కాకా, ప్యాకెట్ గావాల్నా?" అని నవ్వాడు వెంకట్రాములు.

అంగీ పట్టి బల్ల మీదికి గుంజాను. సీసాలన్నీ పగిలిపోయాయి.

"గిది ప్యాకెట్‌కా, రెండు బిస్కెట్లకా? చెప్పు బే!"

"నాకేం దెల్సు కాకా! కంపెనోడు రాసిండు, నేనమ్మిన. నాకూ ఇంగ్లీషు రాదు, ఇడువు!"

విడవలేదు. కొక్కెం వాడి ముంజేతిలో దిగింది. పక్కనున్న చక్కెర బస్తా ఎర్రబడింది. జనం వచ్చి నన్ను కింద పడేసి తన్నారు, పక్కటెముక విరిగింది. పోలీసు కేసయింది. వాడి చెయ్యి ఇంకా లేవడం లేదు. వాడి తప్పు లేదని కొట్టేటప్పుడే నాకు తెలుసు.

ఇక అసలు మాట. అమ్మ ఎందుకు మాట్లాడటం లేదని ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతున్నావు. గొంతు పట్టిందన్నాను. అది అబద్ధం. వేలు తీయకముందు, రక్తపరీక్షలో షుగర్ పెరిగిందని తెలిసిన నాడు, నాకు తెలియకుండా బెల్లం తింటోందనుకొని మీ అమ్మను గోడకేసి గుద్దాను.

"ఏం మింగుతున్నవే దొంగతనంగా?"

"నువ్వు వెట్టిందే తింటున్న సౌందర్య నాయినా, నీ మీద ఒట్టు."

ఒట్టు కూడా దొంగదేనని మళ్లీ కొట్టాను. బస్తాలెత్తిన చెయ్యి. ముందరి పండ్లు రాలాయి. దవడ వాచి మాట తేటగా రావడం లేదు. అయినా ఆ మాపు నేను పెట్టిన ప్యాకెట్టును నీళ్లలో నానబెట్టుకొని మొత్తం తిన్నది.

నీకు రాయొద్దని సైగ చేసింది. రాస్తున్నాను. ఇప్పుడు రొట్టె నేనే కొడుతున్నాను, వంకరగా వస్తోంది. మజ్జిగలో నానబెట్టి పెడతాను. కంచంలో వేయడానికి చెయ్యి చాపితే మొఖానికి మోచెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. నేను వాకిట్లోకి పోయినంకనే తింటుంది.

నేను ఎవరినీ మాఫీ అడిగినవాణ్ని కాను, నిన్నూ అడగను. వచ్చి మీ అమ్మను గద్వాలకు, మీ ఇంటికి తీసుకపో. నడవలేదు గనుక బస్సు దాకా నేను ఎత్తుకొస్తాను. నన్ను ముట్టనిస్తే.

ఇట్లు,
నీ నాయిన
బక్కయ్య