మైసమ్మ రాయి చోట కారు తలుపు

1998 ఫిబ్రవరి 9

నా పేరు నర్సమ్మ. వయసు డెబ్బై దాటింది. ఊరు పుప్పాలగూడ. ఇంట్లో నేను, ప్లాట్ల వ్యాపారం చేసే కొడుకు వెంకట్, మనవరాలు లావణ్య. ఇంటాయన పోయి నెల కాలేదు. ఆయన పేరు నేను ఎన్నడూ పలకలేదు, ఇప్పుడూ పలకను. నాకు అక్షరం రాదు. నేను చెప్తుంటే లావణ్య రాస్తోంది. ఒక్క ముక్క మార్చినా చెయ్యి విరుస్తానని ముందే చెప్పాను.

మా పాత ల్యాండ్‌మాస్టర్ కారు నడుస్తుండగా ముందు తలుపు తెరుచుకుని ఆయన రోడ్డు మీద పడ్డాడు. డ్రైవర్ మునిస్వామి తలుపు సరిగ్గా వెయ్యలేదని వెంకట్ పోలీసు కేసు పెట్టాడు. "నేను ఏసి, రెండోతూరి గుద్ది సూసినా తల్లీ" అని మునిస్వామి ఏడ్చాడు. నిజమే. నేను వెనక సీట్లోనే ఉన్నాను. పడే ముందు ఆయన భుజం కిందికి వంగింది. ఆ మాట చెబితే, "అమ్మా, నీకు కండ్లు సక్కగ కనవడ్తలెవ్, జర ఊకో" అన్నాడు కొడుకు. నా కళ్లు వాడి కళ్లకంటే మంచివి.

ఫిబ్రవరి 11

గౌస్ మెకానిక్‌ని ఇంటికే పిలిపించాను. తలుపు లోపలి అట్ట విప్పాడు. గడియ నాలుక అరిగిపోయింది, స్ప్రింగ్ చచ్చింది. పిడి మీద చెయ్యి పడితే చాలు, ఊడుతుందన్నాడు. తప్పు గడియదే అన్నాను. చూసుకోవాల్సింది డ్రైవరే కదా అన్నాడు వెంకట్. మునిస్వామి గేటు దగ్గరే నిలబడ్డాడు. రమ్మన్నా లోపలికి రాలేదు.

ఫిబ్రవరి 12

గౌస్ నాలుక మీద ఇత్తడి పోసి, ఆకురాయితో నున్నగా రాసి, కొత్త స్ప్రింగ్ వేశాడు. నా చేత గుంజించి చూపాడు. "ఇగ దయ్యం గుంజినా రాదు, పెద్దమ్మా" అని నవ్వాడు.

ఫిబ్రవరి 13

తెరుచుకుంది.

ఫిబ్రవరి 14

నిన్నటి సంగతి ఇవాళ చెప్తున్నాను. మునిస్వామి నడిపాడు. నేను, లావణ్య వెనక. ముందు సీటు ఖాళీ. గచ్చిబౌలి దారిలో, ఒకప్పుడు మైసమ్మ రాయి ఉన్న చోట, తలుపు లోపలి పిడి తనంతట తానే కిందికి దిగింది. తలుపు బార్లా తెరుచుకుంది. "నానమ్మా, తాత" అని లావణ్య నా చెయ్యి పట్టుకుంది.

అక్కడ ప్రతిసారీ కారు ఆగేది. ఆయన తలుపు తీసి, ఒక కాలు నేల మీద పెట్టి, అమ్మకు దండం పెట్టాకే బండి కదిలేది. కొత్త రోడ్డు కోసం రాయి తీసేశారు. ఆయన పడిన రోజు బయలుదేరేటప్పుడే వెంకట్ ఆర్డర్ వేశాడు: "రాయే లేదు, ఇగ ఆపుడెందుకు? సీదా పోనియ్." మునిస్వామి ఆపలేదు. ఆయన చెయ్యి మాత్రం ఎప్పటిలాగే పిడి మీదికి పోయింది.

ఫిబ్రవరి 16

సంగతి విని వెంకట్ నవ్వాడు. తానే నడుపుతానని, తెరుచుకుంటే కేసు వాపస్ తీసుకుంటానని అన్నాడు. సెల్‌ఫోన్ పక్క సీట్లో పడేసి, నన్ను వెనక ఎక్కించుకుని బయలుదేరాడు. రాయి చోటు రాగానే పిడి దిగింది. తలుపు తెరుచుకుంది. సెల్‌ఫోన్ జారి రోడ్డు మీద పడింది. వాడు వెనక్కి వెళ్లి తెచ్చుకోలేదు.

ఫిబ్రవరి 17

అందరం వెళ్లాం. మునిస్వామి చేత అక్కడ కారు ఆపించాను. పిడి దిగింది. తలుపు తెరుచుకుంది.

"దండం పెట్టుకున్నవు గద, రామాంజనేయులూ. ఇగ దిగు" అన్నాను.

తలుపు మెల్లగా మూసుకుంది. గడియ పడిన చప్పుడు నలుగురం విన్నాం.

నర్సమ్మ వేలిముద్ర
సాక్షులు: లావణ్య, వెంకట్