ఆఖరి బంతి దాకా తీసిన పెళ్ళి వీడియో

అన్నయ్యా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. గిలకలదిండిలో నువ్వు తీసిన పెళ్ళి వీడియో నిన్న తెరుచుకుంది.

డిస్కు పాడైందని నీకు చెప్పింది నేనే. డిస్కులోకి ఎక్కించేశాం కదా అని కెమెరా టేపును అప్పటికే ఇంకో పెళ్ళికి వాడేశాం. నా మాట నమ్మి పెళ్ళివాళ్ళ ముందు తలవంచుకుని నిలబడ్డావు. డిస్కు బాగానే ఉంది అన్నయ్యా. ఫైలు రెండు గిగాబైట్లు దాటేసరికి, డిస్కులోని ఫైళ్ళను చదివే ఫైల్ సిస్టమ్ కోడ్‌లో సైజు రాసుకునే చోట ఆ అంకె పట్టక మైనస్ అయిపోతోంది. అక్కడ ముప్పై రెండు బిట్లను అరవై నాలుగు చేశాను. ఒక్క లైను మార్పు.

భోజనాల దగ్గర ఎవరి మొహం రాకపోయినా అలుగుతారని ప్రతి బంతీ తీసేవాడివి. అందుకే అంత పెద్ద ఫైలు. ఆఖరి బంతికి కెమెరాను కుర్చీ మీద పెట్టి, ఆపడం మర్చిపోయావు. విస్తరి ముందు కూర్చున్నది నువ్వే. ఇన్ని పెళ్ళిళ్ళు తీశావు, నువ్వు కనబడే వీడియో మనింట్లో ఇదొక్కటే.

అన్నం వడ్డించబోతే విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టావు.

"మా తమ్ముడు తిన్నాడా అండీ?"

"తినే వెళ్ళాడండీ," అన్నాడు వడ్డించే ఆయన.

అప్పుడు గాని నువ్వు చెయ్యి తీయలేదు.