ఏటి రస్తాకు కంప

నవంబర్ 9, ఆదివారం

పొద్దున్నే ఏటి రస్తా. పాపాఘ్నిలో నీళ్ళు లేవు. ఇసుక ఉంది, అదీ ట్రాక్టర్లు మిగిల్చినంత. కంకర గట్టిపడింది. టైర్లలో గాలి కాస్త తగ్గిస్తే సైకిల్ జారడం లేదు. చీనీకాయల తోట దగ్గర కుక్క ఎప్పటిలాగే వెంటపడింది. తోట కాపలా ఆయన ఎప్పటిలాగే పళ్ళికిలించాడు — "ఏమ్మా, శెట్టిగారింట్లో పెట్రోలుకు గూడా గతి లేదా?" తొక్కుకుంటూ పోయాను. జవాబిస్తే రేపు ఇంకోటి అడుగుతాడు.

ఇంటికొచ్చి ఫోన్ చూస్తే ఒళ్ళు మండింది. నరేశ్ — నేను కూడా మెంబరునైన కడప సైకిల్ క్లబ్బుకు క్యాప్టెన్, పళ్ళ డాక్టరు — యాప్‌లో కొత్త రూటు పెట్టాడు. 'పాపాఘ్ని గ్రావెల్'. కింద ఆయన పేరు. మ్యాప్ మీద ఆ గీత నాది, నేను తొక్కిన దారిని నా ఫోన్ గీసింది. దారులు తప్పి, ముళ్ళు గుచ్చుకుని, కుక్కలను తప్పించుకుని, ఊరందరి మాటలు పడి గీసిన గీత. ఎండాకాలంలో "ఒకసారి పంపండి మేడం, చూసిస్తా" అన్నాడు. చూశాడు. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడు.

నాదనడానికి సాక్ష్యం కూడా అందులోనే ఉంది. గంగిరెడ్డి చేని దగ్గర ఆ గీత రస్తా వదిలి, కొక్కెం మాదిరి లోపలికి పోయి, బోరు షెడ్డును తాకి వెనక్కి వస్తుంది. ఏప్రిల్‌లో, చేను బీడుగా ఉన్నప్పుడు, దాహమేసి పోయి నీళ్ళు తాగి వచ్చాను. అంతే. దొంగ మొహం. నా దాహాన్ని కూడా చెరపకుండా తన పేరు పెట్టుకున్నాడు.

నవంబర్ 10

ఫోన్ చేసి కడిగేశాను. "దారి అందరిదీ కదండీ." మరి పేరు నీ ఒక్కడిదేం? "అడ్మిన్ పేరు అట్లానే వస్తుందండీ..." పళ్ళు కొరుక్కున్నాను. అరిగితే మళ్ళీ ఆయన దగ్గరికే పోవాలి.

డిసెంబర్ 14న ఈవెంటట. టీషర్టులట. నన్ను 'లోకల్ గైడ్'గా రమ్మన్నాడు.

నా దారికి నేను గైడు.

నవంబర్ 16, ఆదివారం

గంగిరెడ్డి వేరుశనగ విత్తాడు. రస్తా నుంచి చేనిలోకి దిగే చోట అడ్డంగా ముళ్ళకంప కొట్టాడు, కంప మీద రాయి పెట్టాడు. రాయి ఉంటే లోపల పైరుంది, మనిషి గానీ గొర్రె గానీ పోకూడదు. రాయి లేకుంటే పైరు లేనట్టే — కంప జరుపుకుని ఎవరైనా పోవచ్చు, జీవాలనూ తోలుకోవచ్చు, పోయినవాళ్ళు కంప తిరిగి వేస్తే చాలు. ఈ ఏటి ఒడ్డు పొడుగునా ఇది ఎవరూ ఎవరికీ చెప్పరు. పాలు తాగే వయసులోనే తెలుస్తుంది.

చేను రస్తాకు రెండు వైపులా ఉంది. నిజానికి అక్కడ రస్తా కూడా ఆయన పట్టాలోదే. ఆ ముసలాయన నన్ను ఒక్కసారి కూడా పలకరించలేదు. ఒక్కసారి కూడా ఆపలేదు.

నవంబర్ 22

అన్న అన్నం తింటూ — "ఆ సైకిలు అమ్మి స్కూటీ తీసుకోగూడదా? అంగట్లో నలుగురూ అడుగుతాండారు." వదిన నవ్వు దాచుకుంది. దాచుకున్నట్టు నాకు కనిపించేలా.

పైపుల అంగడి మా అన్నది. ఇల్లు అన్నది. గల్లాపెట్టె దగ్గర నా కుర్చీ కూడా అన్నదే. ఈ వేంపల్లెలో నాదంటూ ఉన్నది పొద్దున పూట ఆ రస్తా ఒక్కటే. ఎవరితోనూ అనలేదు. ఇక్కడ రాసుకుంటున్నాను.

నవంబర్ 30, ఆదివారం

సరుకు దిగింది, సైకిల్ తీయలేదు. సాయంత్రం గంగిరెడ్డి అంగడికొచ్చాడు. పైపులకు అనుకున్నాను. అన్న కుర్చీ వేశాడు. కూర్చోలేదు.

"నీ సైకిలోళ్ళు పొద్దున వచ్చినారు పాపా."

"నావాళ్ళు కాదు రెడ్డన్నా. కడప వాళ్ళు."

"ఈ ఏట్లో సైకిలు తొక్కింది నువ్వు తప్ప యవురుండారు? దానిమీదొచ్చినోళ్ళంతా నీవోళ్ళే."

దారి చూసుకోవడానికి వచ్చారట. రాయి తీసి కింద పడేసి, కంప లాగి, ఒకరి వెనక ఒకరు చేనిలోకి దిగి, షెడ్డు దాకా పోయి, తిరుక్కుని వచ్చారట. ఎందుకు పోయారో, ఎందుకు వచ్చారో ఆయనకు అర్థం కాలేదు. నాకు అర్థమైంది.

కంప తిరిగి వేయలేదు. వెనకే ఏట్లో నుంచి గొర్రెలు.

"నాలుగాకుల మీదుండె. నున్నగా మేసినాయి. కాపరిని ఏమనాల? రాయి ల్యాకపాయె, కంప ల్యాకపాయె. నేను తిట్టేది గొర్రెల్ని గాదు. గొర్రెలకు కంప తీసేది రాదు."

అన్న ఆయనకు చేతులు జోడించాడు. నాకు తల కొట్టేసినట్టయింది. నరేశ్ మీద కోపం, అన్న మీద కోపం, కుర్చీ వేసినా కూర్చోని ఆ ముసలాయన మీద కూడా.

డిసెంబర్ 1

చూసి వచ్చాను. తడి మట్టిలో టైర్ల చారలు అచ్చం కొక్కెం ఆకారంలో. షెడ్డు గోడ దాకా... మళ్ళీ వెనక్కి. ఫోన్లో గీత ఎటు పోతే అటు. ఒక్కడికైనా ఇదేందని అనుమానం రాలేదు. నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది.

ఒక్కడూ నీళ్ళు కూడా తాగి ఉండడు.

ఇప్పుడు గంగిరెడ్డి రస్తాకే కంప కొట్టాడు. రెండు కొసలా. రాళ్ళు పెట్టి.

డిసెంబర్ 2

నరేశ్ — "అయ్యో... మీకు తెలిసినాయనే కదా, మీరే ఒక సారీ చెప్పేయండి." ఈవెంట్ ఆపమన్నాను. టీషర్టులు వచ్చేశాయట. "కంప తీసుకుని జాగ్రత్తగా వెళ్ళిపోతామండీ." రాయి ఉంటే తీయకూడదన్నాను. "రాయి ఏం చేస్తుందండీ?"

రాయి ఏం చేస్తుంది. నోట్లో కొట్టాలి.

డిసెంబర్ 6

గంగిరెడ్డి దగ్గరికి పోయాను. మేసిన చోట మళ్ళీ విత్తిస్తున్నాడు. నిలబెట్టే మాట్లాడాడు. వాళ్ళు పద్నాలుగున వస్తున్నారని చెప్పాను. నేను వాళ్ళతో లేనని చెప్పాను.

"ల్యాకుంటే మేలు. తెచ్చినావు గదా, నువ్వే ఆపు."

నేనెట్లా ఆపేది?

రస్తా కొసకు నడిచాడు. తన కంపను కర్రతో పక్కకు నెట్టేశాడు. కొడవలి నా కాళ్ళ దగ్గర పడేశాడు. "కంప కొట్టినోళ్ళే తీయాల. ఎరికే గదా? నీ చేత్తో కొట్టు. అడిగేటోళ్ళు నీతో అడగల్ల. నాకు వాళ్ళతో మాటల్లేవు."

పగలంతా కంప నరికి రస్తాకు అడ్డం వేశాను, పైన రాయి పెట్టాను. సైకిల్ గ్లవ్స్ చిరిగి పీలికలయ్యాయి. ముసలాయన ఒక్క కొమ్మ కూడా పట్టలేదు. ఒకసారి చెంబుతో నీళ్ళు పెట్టి పోయాడు, చేతికివ్వకుండా, గట్టు మీద.

డిసెంబర్ 13

రేపు. టైర్లకు గాలి కొట్టాను. ఎందుకో.

డిసెంబర్ 14, ఆదివారం

బారుగా వచ్చారు. అందరికీ నారింజ రంగు చొక్కాలు, వీపుల మీద నా గీత అచ్చేసి. కొక్కెంతో సహా.

నరేశ్ దిగాడు. "ఎవరండీ ఇది పెట్టింది?"

"నేను."

"మీరా? మీరు కూడా రైడరే కదండీ..."

అవును. అందుకే.

"సీన్ చేయకండి, అందరూ చూస్తున్నారు." చూడనీ. వెనకనుంచి ఎవడో కొమ్మ పట్టుకుని గుంజాడు, అది తిరిగి అతని ముందు టైరుకే తగులుకుంది. గాలి బుస్సుమంది. ఎవరూ నవ్వలేదు. నాకు నవ్వాలనిపించింది, బిగబట్టుకున్నాను. ఒక పెద్దాయన మాత్రం మర్యాదగా అడిగాడు — తీయడానికి ఎవరిని అడగాలమ్మా? నన్నే అన్నాను. తీస్తావా అన్నాడు. తీయనన్నాను. ఆయన తలూపి సైకిల్ తిప్పుకున్నాడు. ఆయన వెనక ఒక్కొక్కరూ. పోతూ పోతూ "పల్లెటూరి బుద్ధులు" అని ఒక ఆడగొంతు. నరేశ్ నన్ను క్లబ్బు వాట్సాప్ గ్రూపులోంచి తీసేశాడు. తారు రోడ్డెక్కక ముందే.

వాళ్ళు పోయాక గంగిరెడ్డి షెడ్డులోంచి వచ్చాడు. అంతసేపూ అందులోనే ఉన్నాడు, బయటికి తల కూడా పెట్టలేదు. కంప చుట్టూ తిరిగి చూశాడు. "రాయి ఇంగ రోంత ఇటు జరుపు." జరిపాను.

"మరి నాకు?"

"నీకేమి?"

"నేను పోవచ్చా రెడ్డన్నా?"

"పైరుండాది గదా."

"ఎప్పుడు మరి?"

"కాయ పీకినంక."

మార్చి అన్నమాట. క్లబ్బూ పోయింది, రస్తా కూడా పోయింది. నా చేతులతో నేనే మూసుకున్నాను, పైగా నీటుగా.

డిసెంబర్ 17

తారు రోడ్డు. లారీలు. ఒకడు కావాలనే అంచుకు నెట్టాడు. గండి గుడి దాకా అనుకుని సగంలో తిరిగొచ్చాను. ఇంకెప్పుడూ పోను.

డిసెంబర్ 19

అన్న — "పోనీలే, ఇప్పుడన్నా అమ్ముతావా?"

లేచి అవతలికి పోయాను. పలికితే ఏమంటానో నాకే భయం.

డిసెంబర్ 21, ఆదివారం

ఆగలేకపోయాను. పొద్దున సైకిల్ తీసుకుని రస్తా కొసకు పోయాను. కంప ఎండి గోధుమ రంగుకు వచ్చింది. అవతల పైరులో అక్కడక్కడా పసుపు పూత. మళ్ళీ విత్తిన చోట మాత్రం ఇంకా చిన్న మొక్కలే. రస్తా మీద ఒక్క చార లేదు. కంకర అంత శుభ్రంగా ఎప్పుడూ చూడలేదు.

కంప కొట్టింది నేను. కొట్టినవాళ్ళే తీయాలి. అంటే నేను తీయవచ్చు. ఎవరికి నష్టం? రస్తా మీదే కదా పోతాను, పైరులో దిగను, వెనక్కి తిరిగి కంప వేస్తాను. నాకు తెలుసు పద్ధతి. వాళ్ళకు తెలియదు, నాకు తెలుసు. రాయి ఎత్తి పక్కన దించాను. కంప మొదలు పట్టుకుని ఒక మనిషి దూరేంత జరిపాను.

షెడ్డు దగ్గర గంగిరెడ్డి. ఎప్పటినుంచి నిలబడ్డాడో. కేకేస్తాడనుకున్నాను. తిడతాడనుకున్నాను, తిడితే తిరిగి నాలుగనడానికి సిద్ధంగా కూడా ఉన్నాను. నా వైపు చూసి, వీపు తిప్పి లోపలికి పోయాడు.

ఆ వీపుకు అర్థం పొమ్మనా? కంచే చేను మేస్తే చెప్పుకునేదెవరికి అనా? ఒక్క మాట అంటే ఏం పోయింది ఆయనకు? ఆ వీపు మీదే కోపమొచ్చింది. పోలేదు. కంప గుంజి మొదటి చోటికి తెచ్చి పడేసి, సైకిలెక్కి వెనక్కి చూడకుండా వచ్చేశాను.

మధ్యాహ్నం. తిని పడుకున్నాను, నిద్ర రాలేదు. కంప వేశాను. అది గుర్తుంది, అరచేతిలో ముల్లు ఇంకా ఉంది. రాయి?

రాయి ఎత్తింది గుర్తుంది. దించింది గుర్తుంది, రస్తా అంచున. తిరిగి కంప మీద పెట్టింది...

పెట్టే ఉంటాను.

కాపరులు జీవాలను ఏట్లోకి దింపే పొద్దు ఇది, రాయి లేకుంటే తోలేస్తారు. అన్న గుమ్మంలో నిలబడి అడుగుతున్నాడు — "ఇంత ఎండలో మళ్ళా యాడికి పోతాండావు?"